గురువారం ఫ్లైట్

శశికాంత్ పడింది పెద్ద ఎత్తునుంచేం కాదు. మనిషిన్నర ఎత్తు ఉంటుందేమో. బండ అంచున ట్రైపాడ్ నిలబెట్టి, కెమెరా తెర మీద ఎండ పడి బొమ్మ కనిపించడం లేదని ఒక్కడుగు పక్కకి జరిగాడు. అమెరికాలోని యూటా ఎడారిలో ఆ ఎర్ర ఇసుకరాయి చూడ్డానికి కోటగోడలా ఉంటుంది, కాలు మోపితే రస్కులా విరుగుతుంది. కెమెరా పైన ఉండిపోయింది. మనిషి కింద ఎండిన వాగులో పడ్డాడు.

ఉమామహేశ్వరికి అతని అరుపు కంటే ముందు ఎముక చప్పుడు వినిపించింది. ఆమె బండల మీద కూర్చుని, అరచేతులు గీరుకుపోతుంటే జారుకుంటూ కిందికి దిగేసరికి అతను లేచి కూర్చుని తన కాలు వంక వింతగా చూసుకుంటున్నాడు. మోకాలి కింద కాలు ఉండాల్సిన దారిలో లేదు.

"కదలకు," అంది ఉమ. "ఫోనేది? నీ దాంట్లో సిగ్నల్ లేకపోయినా పనిచేసే శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉందిగా, తియ్యి."

ఆమె ఫోన్ పాతది. ఆ లోయలో దానికీ రాయికీ తేడా లేదు.

శశికాంత్ ప్యాంటు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు గానీ ఫోన్ తియ్యలేదు.

"వద్దక్కా."

"ఏంటి వద్దు?"

"ఎవ్వర్నీ పిల్వకు."

తల కూడా తగిలిందేమో, పలవరిస్తున్నాడనుకుంది ఉమ. తల తడిమి చూసింది. రక్తం లేదు. వాపు లేదు. అతను తెలివిగానే ఉన్నాడు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

ఎనిమిదేళ్ళ కిందట చదువుకోవడానికి వచ్చి, డెన్వర్ పక్కన అరోరాలో ఉమ ఇంటి బేస్‌మెంట్‌లో ఒక గది అద్దెకి తీసుకున్న కరీంనగర్ కుర్రాడు ఇతను. ఆమెది తెనాలి. వచ్చిన మొదటి చలికాలమే అతనికి జ్వరమొస్తే చారు పోసి లేపింది. లేచాక ఊరికే కూర్చోలేక ఆమె కెమెరా తీసి కెలుకుతుంటే, చీవాట్లు పెట్టి, తర్వాత పట్టుకోవడం నేర్పింది. చదువయ్యాక అతను కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఉద్యోగంలో చేరాడు. అయినా ఏటా ఒకసారి ఇద్దరూ లాస్ వేగాస్‌లో కలుసుకుని, కార్ అద్దెకి తీసుకుని, కేనియన్ లోయల మీద పడతారు. ఆమె భర్త మోహన్ రాడు. ఎడారి అంటే ఆయనకి ఏసీ లేని చోటు, అంతే.

ఈసారి అక్టోబర్లో వెళ్దామంది ఉమ. కాదు, జూన్‌లోనే అని పట్టుబట్టాడు శశికాంత్. జూన్ ఆఖర్న ఎవడెళ్తాడురా, మాడి మసైపోతాం అంటే నవ్వేసి ఊరుకున్నాడు. జయాన్ పార్కు అయింది, బ్రైస్ అయింది, కేపిటల్ రీఫ్ అయింది. ప్రతిచోటా పొద్దు పొడిచేటప్పుడు ఒకటి, పొద్దు గుంకేటప్పుడు ఒకటి, తిండి కూడా మర్చిపోయి ఆబగా ఫోటోలు తీశాడు. నిన్న మ్యాపు చూసి, బోర్డు కూడా లేని ఈ వాగు పట్టాడు. మట్టిరోడ్డు చివర కార్ ఆపి, తెల్లవారకముందే నాలుగు మైళ్ళు నడిచి వచ్చారు. ఇవాళ ఆదివారం. ఇటువైపు వచ్చిన మనిషి జాడ ఇసుకలో ఒక్కటీ లేదు.

"నాకు జాబ్ లేదక్కా," అన్నాడు శశికాంత్. "పోయిన నవంబర్లనే పోయింది."

అతని బూటు లేసు విప్పుతున్న ఉమ చేతులు ఆగిపోయాయి.

"మొన్న కార్లో మేనేజర్ని గంటసేపు తిట్టావు కదరా."

"పాత మేనేజర్. తిట్లు కూడా పాతవే."

"ఎనిమిది నెలలు. నాకొక్క ముక్క చెప్పలేదు."

"ఎవ్వలకీ చెప్పలే. వేరే జాబ్ చూస్కోనీకి అరవై రోజులు టైమ్ ఇస్తరు కద. ఒక కన్సల్టెన్సీ ఆయన, మనోడే, వీసా పిటిషన్ వేసిన అన్నడు. రిసీట్ ఇయ్యాల వస్తది, రేపొస్తది అన్నడు. మార్చ్‌ల తెల్సింది, అసలు వెయ్యనే లేదని. అరవై రోజులు జనవరిలనే అయిపోయినయ్. అప్పట్సంది అవుట్ ఆఫ్ స్టేటస్, కాగితాల్లేకుంటనే ఉన్న. ఇయ్యాల్టికి నూట డెబ్బై రెండు రోజులు."

నూట ఎనభై రోజుల సంగతి ఉమకి ఎవరూ వివరించనక్కర్లేదు. వీసా మీద బతికేవాళ్ళకి పిల్లల పుట్టినరోజులైనా గుర్తుండవేమో గానీ ఆ అంకె గుర్తుంటుంది. అది దాటేలోగా దేశం వదిలిపెడితే మళ్ళీ ఎప్పుడైనా ఏ కంపెనీ అయినా పిలిస్తే రావచ్చు. దాటాక వెళ్తే మూడేళ్ళు గడప తొక్కనివ్వరు.

"గురువారం ఫ్లైట్," అన్నాడు. "టికెట్ అయింది. చప్పుడు చెయ్యకుంట పోతా. నువ్వు హెలికాప్టర్‌ని పిలిస్తే ఇంకేమున్నది. ఆపరేషన్ అంటరు, నెల రోజులు బెడ్ మీద అంటరు. ఐడీ అడుగుతరు. పేరు కంప్యూటర్ల కొడతరు."

"వచ్చేవాళ్ళు కాలు చూస్తార్రా. వీసా చూడరు."

"నీకు పక్కా తెల్సా?"

తెలియదు. ఉమకీ తెలియదు. పదిహేడేళ్ళు ఈ దేశంలో పన్నులు కట్టి, లాయర్ల చుట్టూ తిరిగి, ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషి, ఆ ఒక్క మాటకి అవునని చెప్పలేకపోయింది. మనవాళ్ళ బతుకు అలా తగలడింది. వాట్సాప్ గ్రూపుల్లో ఏ షాపులో గోంగూర దొరుకుతుందో చెబుతారు, ఏ పంతులు బాగా వ్రతం చేయిస్తాడో చెబుతారు. ఉద్యోగం పోయినవాడు మాత్రం అదే గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు పెడుతూ కూర్చుంటాడు. శశికాంత్ ఎనిమిది నెలలు రోజూ ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని ఆఫీసుకని చెప్పి లైబ్రరీకి వెళ్ళాడు. పక్క గదిలో పడుకునే రూమ్మేట్ కౌస్తుభ్‌కి ఈ రోజుకీ తెలియదు. శశికాంత్ దాచింది పొగరుకొద్దీ కాదు. చెబితే తనవాళ్ళే తనని చూసి పక్కకి తప్పుకుంటారని వాడికి బాగా తెలుసు.

"భుజమియ్యి అక్కా. మెల్లగ నడుస్త. కార్ దాక పోతే సాలు. వేగాస్‌ల ఏదన్న క్లినిక్‌ల కట్టు కట్టించుకుంట. వీల్‌చెయిర్ బుక్ చేసుకోని ఫ్లైట్ ఎక్కుత."

సరేనంది ఉమ. తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నా ఆ సరే ఆమెదే. అప్పటికి ఏడున్నర. ఎండ ఇంకా గోడల పైభాగంలోనే ఉంది. అందుకని పని సులువనిపించింది. తన ట్రైపాడ్ కాళ్ళు ఊడదీసి, అతని కాలికి రెండు పక్కలా పెట్టి, కెమెరా బెల్టులతో బిగించి కట్టింది. కట్టేటప్పుడు అతను టోపీ నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత లేపి నిలబెట్టింది.

పది గెంతులు గెంతాడు. ఆగాడు. ఇంకో ఆరు గెంతాడు. వాగు ఇసుక మెత్తగా దిగబడుతోంది, కాలు వేసిన చోట ఉండనివ్వదు. అతని బరువంతా ఆమె మెడ మీద. యాభై దగ్గర పడుతున్న మనిషి, మోకాళ్ళ నొప్పులకి మాత్రలు మింగే మనిషి.

"నాలుగు గిన్నెలు బిర్యానీ తిన్నప్పుడు బాగానే ఉంది," అంది రొప్పుతూ. "ఇప్పుడు మొయ్యలేక చస్తున్నా."

"నువ్వే కదక్కా వడ్డించింది," అన్నాడు. నవ్వబోయి, పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాడు.

తొమ్మిదిన్నరకి ఎండ వాగు అడుగుకి దిగింది. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, అతను పడ్డ బండ అక్కడే, చెయ్యెత్తి పిలిస్తే పలికేంత దగ్గర్లోనే ఉంది. రెండు గంటల్లో వాళ్ళు నడిచింది అంత. నీళ్ళు ఒక సీసా అయిపోయింది, రెండోదాంట్లో సగం ఉన్నాయి. ఉమ అతన్ని గోడ నీడలో కూర్చోబెట్టి, బూటు లాగి, మేజోడు తీసి వేళ్ళు పట్టుకుంది. చుట్టూ గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంటే ఆ వేళ్ళు మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసినట్టున్నాయి. గోరు నొక్కి వదిలింది. తెల్లబడ్డ గోరు తెల్లగానే ఉండిపోయింది.

"తెలుస్తోందా?"

"ఏంది?"

"నేను నొక్కుతున్నాను."

అతను కాలి వంక చూశాడు. 

"శశీ, రక్తం అందట్లేదు కాలికి. ఇంకాసేపుంటే కాలు తీసేస్తారు. మధ్యాహ్నానికి మనిషే ఉండవు. ఫోనివ్వు."

"నువ్వు కార్ దాక పోయిరా. సిగ్నల్ ఉన్న కాడికి పోయి, ఎవలన్న మనోళ్ళని..."

"రెండు గంటలు నడక. గంటన్నర మట్టిరోడ్డు. ఎవర్ని పిలవను? డెన్వర్ నుంచి మనోళ్ళు పల్లకీ పట్టుకొస్తారా? ఫోనివ్వు."

"ఇయ్య."

"కాలు లేకుండా కరీంనగర్ వెళ్ళి ఏం చేస్తావురా?"

"కాలు లేకున్నా కోడ్ రాయొచ్చు," అన్నాడు శశికాంత్. వేళాకోళం కాదు. లెక్క వేసుకునే చెప్పాడు. "వీసా లేకుంటే రాయనియ్యరు."

ఆ మాటతో ఉమలో ఏదో తెగిపోయింది. ముప్పై రెండేళ్ళ కుర్రాడి చేత, తన కాలు తూకం వేయించి, కాగితమే బరువని ఒప్పించినవాళ్ళు ఎవరో గానీ వాళ్ళు చేతికి దొరికితే గొంతు పిసికేది. దొరకరు. దొరికింది వీడు. ఆమె అతని జేబులో చెయ్యి పెట్టింది. అతను అంతకంటే ముందే ఫోన్ లాగి పిడికిట్లో బిగించి, చెయ్యి వెనక్కి తీశాడు. ఎదుటి బండకేసి కొట్టబోతున్నాడని ఆమెకి అర్థమైంది. మణికట్టు పట్టుకుంది. అతను ఆమె ముంజేతిని కరిచాడు. కన్నబిడ్డలు లేని ఉమకి జ్వరాల్లో, ఆకలిలో, చలిలో బిడ్డగా మెలిగినవాడు, పళ్ళు దిగేలా కరిచాడు.

ఉమ మోకాలు ఎత్తి, కట్టు కట్టిన ఆ విరిగిన కాలి మీదే పెట్టి బలంగా అదిమింది.

అతని నోరు తెరుచుకుంది. అరుపు వెంటనే రాలేదు. వచ్చాక లోయ గోడలు దాన్ని చాలాసేపు అటూ ఇటూ విసురుకున్నాయి. పిడికిలి విడిపోయింది. ఆమె ఇసుకలోంచి ఫోన్ తీసుకుని, వెనక్కి చూడకుండా బండలెక్కింది. వాగులోంచి ఆకాశం సన్నటి చీలికలా కనిపిస్తోంది, శాటిలైట్‌కి అది చాలదు. పైకి, ఇంకా పైకి, నాలుగు కాళ్ళ మీద పాకింది. ఫోన్ తెర మీద బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు తిరిగింది. అక్షరాలు తప్పులు పడితే మళ్ళీ కొట్టింది. ఒక్కో మెసేజ్ వెళ్ళడానికి నిమిషం పట్టింది. ఎవరికి దెబ్బ, ఎక్కడ, స్పృహ ఉందా, నీళ్ళున్నాయా అని అడిగారు. అన్నీ చెప్పింది. పేరు అడిగారు. అక్కడ వేలు ఆగింది. తప్పుడు పేరు ఇవ్వొచ్చు. ఒక్క క్షణం నిజంగానే వెతుక్కుంది, నోటికి వచ్చిన పేరేదైనా. తర్వాత తన మీద తనకే రోత పుట్టి, శశికాంత్ అని కొట్టి పంపింది.

హెలికాప్టర్ బయల్దేరింది, అక్కడే ఉండండి అని జవాబొచ్చింది.

తిరిగి దిగేసరికి గోడ నీడలో అతను లేడు.

ట్రైపాడ్ కాలొకటి ఊడి పడి ఉంది. ఇసుకలో ఏదో మూట ఈడ్చుకెళ్ళినట్టు చార. ఆ చార పట్టుకుని వెళ్తే, పది గజాల అవతల పెద్ద బండ కింద కుక్క దూరేంత సందు. సందులోంచి ఒక బూటు అడుగు కనిపిస్తోంది. విరిగిన కాలుతో, మోచేతుల మీద, అంత దూరం పాకి వెళ్ళి దాక్కున్నాడు.

"శశీ. బయటికి రా."

"ఎన్ని నిమిషాలకి వస్తరు?" లోపల్నుంచి గొంతు చిన్నగా వచ్చింది.

"వస్తున్నారు. చప్పుడు వినపడట్లా?"

నిజంగానే ఎక్కడో గోడల వెనక గాలి కొట్టుకుంటోంది.

"అక్కా, నువ్వొక్కదానివే వచ్చినవని చెప్పు. నీకే కాలు బెణికిందని చెప్పు. నిన్ను ఎక్కించుకోని పోతరు. పొద్దు గూకినంక నేను మెల్లగ పోత."

"నాలుగు మైళ్ళు పాకుతావా?"

"పాకుత."

"నీ పేరు ఇచ్చేశానురా."

 సందు చీకట్లో రెండు చేతులు కనిపించాయి, ఎర్రమట్టి కొట్టుకుని, గోళ్ళు చిట్లి. దండం పెడుతున్నాయి.

"నేను లేను అని చెప్పక్కా. చచ్చిపోయిండని చెప్పు. గురువారం దాక చెప్పు సాలు."

ఉమ బోర్లా పడుకుని సందులోకి దూరింది. అతని బెల్టు దొరికింది. లాగింది. అతను లోపల రాయిని వాటేసుకున్నాడు. ఆమె ఇంకా లాగింది. ఏడుస్తూ, అతన్నీ, వాడి కన్సల్టెన్సీనీ, అక్టోబరు వద్దన్న వాడి పొగరునీ, అన్నిటినీ కలిపి తెనాలి తిట్లు తిడుతూ లాగింది. హెలికాప్టర్ లోయ పైకి వచ్చి ఇసుక ఎగదోసింది. కళ్ళు కనిపించలేదు. చేతికి బెల్టు మాత్రం తగులుతూ ఉంది. చివరికి అతని చేతులు పట్టు వదిలాయి. ఇష్టపడి కాదు, శక్తి అయిపోయి. ఎండలోకి వచ్చి పడ్డాడు.

తాడు మీద దిగిన అమ్మాయి పాతికేళ్ళది ఉంటుంది. హెల్మెట్ కింద ముఖమంతా చెమట. పరిగెత్తి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, కాలు వైపు ఒకసారి చూసి, అతని ముఖం మీదికి వంగి మెత్తగా అడిగింది, నీ పేరు చెప్పగలవా అని.

శశికాంత్ ఉమ వైపు చూశాడు. పెదాలు బిగించాడు.

ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. ఇవాళ ఏ వారమో చెప్పగలవా అంది. ఎక్కడున్నావో తెలుసా అంది. ఒక్కదానికీ జవాబు లేదు. ఆమె భుజం మీది రేడియోలోకి, పేషెంట్ పేరు కూడా చెప్పలేకపోతున్నాడు, తలకి దెబ్బ ఉండొచ్చు అని చెప్పింది.

"తలకేం కాలేదు," అంది ఉమ ఇంగ్లీషులో. "భయపడుతున్నాడు."

"దేనికి?" అంది ఆ అమ్మాయి. అతని కాలి కింద చెయ్యి పోనిస్తూ, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

ఉమ చెప్పడానికి నోరు తెరిచింది. నేల మీద నుంచి శశికాంత్ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. నోరు మూసుకుంది. అతని బెల్టు పట్టుకున్న చెయ్యి మాత్రం, వదలండి మేడమ్, ఇక మేం చూసుకుంటాం అని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పినా, వదల్లేదు.