వెంకటరావమ్మ చుట్టూ జొన్న

వెంకటరావమ్మ సూది వద్దంది. వద్దంటే వద్దే. ఇరవై రెండేళ్ల కిందట పర్చూరులో ఒక పెళ్లి పంక్తిలో, వంకాయ కూర వడ్డించే దగ్గర ఆడపడుచు ఏదో మాట జారిందని, ఆ పూట నుంచి ఈ పూట వరకు ఆవిడ వంకాయ ముట్టలేదు. ఆ ఆడపడుచు పోయి కూడా ఆరేళ్లయింది. మధ్యలో వంకాయ ఏం పాపం చేసిందని అడిగే ధైర్యం మొగుడు పేరయ్యకు ఇంతవరకు రాలేదు. అలాంటి మనిషి సూది వద్దంటే ఇక దాని సంగతి అంతే.

ఆవిడకు సూది మీద కోపం వచ్చింది కిందటేడు. సంక్రాంతి వెళ్లాక ఊరందరికీ జ్వరమూ దగ్గూ వచ్చాయి. అందరికీ నాలుగు రోజులుండి పోయిన జ్వరం, నలభై ఏళ్లు మిరపకాయల ఘాటు పీల్చిన వెంకటరావమ్మకు మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగింది. గుంటూరు ఆసుపత్రిలో పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. నరం దొరకలేదని ఒకసారి, దొరికిన నరం వాచిందని ఒకసారి, రెండు చేతులూ జల్లెడ చేశారు. ఇంటికి పంపే రోజున నర్సు ఆఖరి సూది పీకి దూది అద్దుతుంటే, "ఇంతటితో నా ఒంటికీ సూదికీ చెల్లు" అంది వెంకటరావమ్మ. నర్సు నవ్వింది. పేరయ్య నవ్వలేదు. ఆయనకు వంకాయ సంగతి తెలుసు.

అక్టోబరులో భార్య ఆయాసం మందుల కోసం వినుకొండ వెళ్లినప్పుడు, డాక్టర్ షాహిస్తా కొత్త మాట చెప్పింది. చలికాలం రాకముందే వెంకటరావమ్మకు ఫ్లూ ఇంజెక్షన్ వేయించాలి.

"జ్వరం లేదు కదమ్మా ఇప్పుడు" అన్నాడు పేరయ్య.

"లేనప్పుడే వేయించాలి పెద్దాయనా. వచ్చాక వేస్తే లాభం లేదు."

ఈ మాట ఊళ్లో ఇంకెవరికి చెప్పినా వింతగా చూసేవాళ్లు. అక్కడ సూదంటే జ్వరం వచ్చినవాడికి వేసేది, అది కూడా గట్టిగా అడిగి వేయించుకునేది. పేరయ్య మాత్రం తలూపాడు. ఆయన మూడెకరాల మిరప రైతు. పురుగు పడ్డాక మందు కొట్టేవాడు ఎంత తెలివైనవాడో ఆయనకు తెలుసు.

"ఎన్ని తడవలు కొట్టాలి?"

"ఏడాదికి ఒక్కసారి."

"ఒకటేనా? మేం తామర పురుగుకి వారానికొకటి కొడతన్నాం."

"ఒకటి చాలు. కానీ ఏటా వేయించాలి. వైరస్ ఏడాదికో రకంగా మారుతుంది, మందు కూడా దానికి తగ్గట్టు మారుస్తారు."

"అంతేనమ్మా" అన్నాడు పేరయ్య. పోయినేటి మందు ఈ ఏడు పురుగు మీద పనిచేయదని ఒక చదువుకున్న మనిషి ఒప్పుకోవడం ఆయన వినడం అదే మొదలు. పురుగుమందుల కొట్టువాడు ఇంతవరకు ఒప్పుకోలేదు.

"ఈసారి గనక ఆమెకి అలాంటి జ్వరం వస్తే తట్టుకోవడం కష్టం" అంది డాక్టరు, చీటీ రాస్తూ. ఆ మాట మామూలుగానే అంది. పేరయ్యకు మాత్రం బస్సులో కూర్చున్నా, దిగినా, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నా అదే వినిపిస్తూ ఉంది. నలభై నాలుగేళ్ల కాపురంలో వెంకటరావమ్మ లేని బతుకు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ అనుకోలేదు. ఆ పదకొండు రోజుల్లో కొంచెం చూశాడు. మళ్లీ చూసే ఓపిక ఆయనకు లేదు.

ఇంట్లో సంగతి చెప్పాడు. "నాకొద్దు" అంది వెంకటరావమ్మ, పప్పులో తాలింపు వేస్తూ. అంతటితో చర్చ అయిపోయింది.

మర్నాడు పేరయ్య చేలోకెళ్లి గట్టు మీద కూర్చున్నాడు. మిరప వేసినవాడెవడైనా చేనుకి నాలుగు వైపులా గట్ల వెంబడి రెండు మూడు సాళ్లు జొన్న వేస్తాడు. గాలికి కొట్టుకొచ్చే పురుగు ముందు జొన్నకి తగిలి అక్కడే ఆగిపోతుంది, మిరప దాకా రావడం తగ్గుతుంది. పేరయ్య జొన్నను చూశాడు, మధ్యలో మిరపను చూశాడు. మందు పడనివ్వని మొక్కకి ఏం చేయాలో అప్పుడు ఆయనకు తోచింది. ఇదివరకు బుర్రలోకి రానందుకు తనను తానే తిట్టుకున్నాడు కూడా.

ముందు కొడుకు కోటేష్‌ను పట్టుకున్నాడు.

"నాకేం జబ్బు నాన్నా? గుండ్రాయిలా ఉన్నాగా" అన్నాడు కోటేష్.

"జొన్నకి జబ్బుందనా గట్టు మీద వేసింది?"

కోటేష్ సరేనన్నాడు. కోడలు శ్రీరమ్య నర్సింగు సగం చదివి మానేసిన పిల్ల కాబట్టి ఒక్క మాటకే ఒప్పుకుంది. మనవరాలు జ్యోతిర్మయికి ఏడేళ్లు. బడి నుంచి పలకా పుస్తకాలు మరిచిపోయినా జలుబు మాత్రం మరవకుండా తెస్తుంది. దానికి ఐస్‌క్రీం చెప్పి ఒప్పించాడు.

ఇక ఆదెమ్మ. తొడిమలు తీసే పనికి వచ్చి, పని లేని రోజుల్లోనూ వెంకటరావమ్మ దగ్గర కూర్చుని ఊరి సంగతులు చెప్పిపోయే మనిషి. అంత దగ్గరగా కూర్చునే మనిషిని వదిలేస్తే గట్టుకి గండి పెట్టినట్టే.

"నేను వేయించుకుంటా పేరయ్య గారూ" అంది ఆదెమ్మ. "కానీ ఆదివారం ఆదివారం మా పాస్టరు గారు అందరి నెత్తి మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. మందిరంలో దగ్గనోళ్లు లేరు. అందరి నెత్తి మీదా పెట్టిన చెయ్యే నా నెత్తి మీదా పెడతాడు. మరి ఆయన సంగతి?"

ఒక సాలు కంటే రెండు సాళ్లు మేలు. పాస్టరు ఫిలిప్ గారిని కూడా కలిపాడు. ఫిలిప్ గారు ముందు కొంచెం ఆశ్చర్యపోయినా, ఒక హిందూ రైతు తన ఆరోగ్యం గురించి అంత పట్టుబట్టడం బాగానే ఉందనుకున్నాడు. తనను జొన్న కింద లెక్క కట్టారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఐదుగురూ ఒకే ఆటోలో వినుకొండ వచ్చారు. నర్సు శాంతి సూదులు వేస్తుంటే, పేరయ్య తలుపు దగ్గర నిలబడి కూలీల్ని సాళ్లకి ఎక్కించే మేస్త్రీ మాదిరి ఒక్కొక్కరినీ పిలిచి లోపలికి తోశాడు. జ్యోతిర్మయి ఏడవలేదు. కోటేష్ కొంచెం మూలిగాడు. పాస్టరు గారు కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు.

"మీరు రండి తాతగారూ" అంది శాంతి.

"నాకెందుకమ్మా? నేను చేనుగలవాణ్ణి" అన్నాడు పేరయ్య, చెప్పులు వెతుక్కుంటూ.

తనను తాను లెక్కలో వేసుకోవడం మరిచిపోయాడు పాపం అనుకుంటే మర్యాదగా ఉంటుంది. కానీ నిజం వేరు. పేరయ్యకు సూదంటే భయం. పాతికేళ్ల వయసులో కుక్క కరిస్తే, మూడో సూదికే కళ్లు తిరిగి కాంపౌండరు మీద పడ్డాడు. మిగతావి వేయించుకోకుండా ఆ కుక్క బతికే ఉందా లేదా అని నెల రోజులు దాని వెనకాలే తిరిగాడు. అది బతికింది కాబట్టి ఈయనా బతికాడు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఊళ్లో ఇప్పుడు ఎవరూ లేరు, కుక్కతో సహా.

ఇంటికొచ్చాక వెంకటరావమ్మ అందరి జబ్బల వంకా చూసింది. ఎందుకు చేశాడో ఆవిడకు తెలియక కాదు. మనవరాలి చేతికి వేడి కాపడం పెట్టి, మొగుణ్ణి మాత్రం ఒకటే అడిగింది.

"నువ్వు వేయించుకున్నావా?"

"ఆఁ, అందరికంటే ముందు" అన్నాడు పేరయ్య.

నవంబరు గడిచింది, డిసెంబరు గడిచింది. ఊళ్లో దగ్గులు మొదలయ్యాయి. పేరయ్య ఇంట్లో ఎవరూ దగ్గలేదు. ఆయన గట్టు మీద జొన్నను, ఇంట్లో మనుషులను ఒకే చూపుతో చూసుకుని లోలోపల మురిసిపోయాడు. జనవరి ఆఖర్లో మొదటి కోత అయింది. ఎర్రకాయ కల్లంలో పరిచారు. నాలుగో రోజు మధ్యాహ్నం అక్కడే పేరయ్యకు వెన్నులో చలి పుట్టింది, ఆ వెంటనే దగ్గు వచ్చింది.

మిరప కల్లంలో దగ్గేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. దగ్గనివాణ్ణే ఏమైందిరా అని అడుగుతారు. అందుకని పేరయ్య జ్వరం సంగతి పేరయ్యకే తెలిసింది. గట్టు చుట్టూ అంత జాగ్రత్తగా కాపలా కట్టి, రోజూ చేను మధ్యలో కూర్చుని అన్నం తినే మనిషిని ఒక్కణ్ణి వదిలేశాడు. పొద్దున కూడా వెంకటరావమ్మ పక్కనే కూర్చుని తిన్నాడు, ఆవిడ గ్లాసులోనే మంచినీళ్లు తాగాడు. అది గుర్తొచ్చేసరికి ఆయనకు చచ్చేంత భయం వేసింది. సూది భయం దీని ముందు ఏపాటి అనిపించింది, కానీ ఆ తెలివి మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది.

కోటేష్‌కు ఫోను చేశాడు. "ఒరేయ్, దుప్పటీ, జ్వరం బిళ్లలూ తెచ్చి గట్టు మీద పెట్టి పో. నేను కల్లం దగ్గర పాకలో ఉంటా. మీ అమ్మకి కాయల కాపలా అని చెప్పు."

కోటేష్ వాళ్లమ్మకు అబద్ధం చెప్పి నెగ్గిన సందర్భం ఇంతవరకు లేదు. ఆ రోజూ నెగ్గలేదు.

మూడు రోజులు పేరయ్య పాకలో పడి ఉన్నాడు. కోటేష్ క్యారేజీ తెచ్చి దూరంగా పెట్టినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "మీ అమ్మకి దగ్గుందా?" లేదంటే సగం అన్నం తినేవాడు. రెండో రోజు కోటేష్ జవాబు చెప్పడం ఆలస్యం చేశాడని ఆ పూట అసలు క్యారేజీ విప్పలేదు.

నాలుగో రోజు పదకొండింటికి డొంక మీద ఆటో ఆగింది. అందులోంచి వెంకటరావమ్మ దిగింది, ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని. ఆటోలో ఆదెమ్మ కూర్చునే ఉంది. కిందటేడు ఆసుపత్రి నుంచి వచ్చాక వెంకటరావమ్మ కల్లం మొహం చూడలేదు. ఘాటు దగ్గరికి పోతే మళ్లీ తన దగ్గరికి రావద్దని డాక్టరమ్మ అంత గట్టిగా చెప్పింది.

"అక్కడే ఆగు" అన్నాడు పేరయ్య పాకలోంచి లేచి. "కాయ ఘాటుగా ఉంది. నాకు జ్వరం కూడా ఉంది."

"ఆగాన్లే. గాలి అటే పోతంది" అంది ఆవిడ, డొంక గట్టు మీద కూర్చుంటూ. ఇద్దరి మధ్యా అరెకరం మేర ఎండుతున్న కాయలు ఉన్నాయి.

"నీకు దగ్గుందా?"

"లేదు."

"ఒట్టు?"

"నేను నీలాగా అబద్ధాలు చెప్పను. అందరికంటే ముందు వేయించుకున్నావంటగా. శాంతి చెప్పింది, చెప్పులు వెతుక్కున్నావని."

పేరయ్యకు జ్వరంలో ఆ మాట ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. "శాంతి నీకెక్కడ కనపడింది?"

వెంకటరావమ్మ ఎడమ చేతి రవిక పైకి జరిపింది. జబ్బ మీద దూది, దాని మీద తెల్ల ప్లాస్టరు ఉన్నాయి. అంత దూరం నుంచి కూడా బాగా కనపడుతున్నాయి.

పేరయ్య పాక గుంజ పట్టుకుని నిలబడ్డాడు. "ఒంటికీ సూదికీ చెల్లన్నావు కదే."

"అన్నాను. నా మాటే కదా, నేనే తప్పాను." ఆవిడ రవిక సర్దుకుంది. "గుంటూరులో నేను లోపలుంటే, పదకొండు రోజులూ నువ్వు బయట బెంచీ మీదే కూర్చున్నావంట. ఇంటికెళ్లి పడుకోమన్నా పోలేదంట. నిన్న కోటేష్ చెప్పాడు. నేనేమో లోపల సూదులు లెక్కపెట్టుకుంటా కష్టమంతా నాదే అనుకున్నా. ఈ మూడు రోజులు ఇంట్లో కూర్చుంటే తెలిసింది. లోపల పడుకున్నోళ్లకేం, పడుకుంటారు. బయట కూర్చున్నోళ్లదే చావు."

పేరయ్య దుప్పటి భుజాల మీదికి లాక్కున్నాడు.

"నిన్ను ఇంకోసారి ఆ బెంచీ మీద కూర్చోబెట్టలేను, అందుకని వేయించుకున్నా" అంది వెంకటరావమ్మ. "మందు ఒంటికి పట్టడానికి రెండు వారాలు పడుతుందంట. అందాకా నువ్వు ఇక్కడే ఉండు. రోజూ ఈ వేళకి వచ్చి ఈ గట్టు మీద కూర్చుంటా. జ్వరం తగ్గినాక నిన్నూ శాంతి దగ్గరికి తీసుకుపోతా, సూది వేయించుకుందువు. నువ్వు కూడా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టొద్దు."

"చూద్దాంలే."

"చూసేదేం లేదు. పక్కనే ఉంటాగా."

పేరయ్య తల గోక్కున్నాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి పెళ్లాన్ని అడగాల్సిన ప్రశ్న కాదది. అయినా ఆటో డ్రైవరుకి వినపడకుండా ఉండాలని నాలుగడుగులు ముందుకొచ్చి, ముందుకు రాకూడదని గుర్తొచ్చి మళ్లీ వెనక్కెళ్లి, అక్కడి నుంచే అడిగాడు.

"నొప్పి పుట్టిందా?"

వెంకటరావమ్మ అబద్ధాలు చెప్పనని ఇప్పుడే అంది.

"పుట్టింది" అంది.

ఈ ఒక్కదానికి అబద్ధం చెప్పి ఉండాల్సింది అనుకున్నాడు పేరయ్య. తర్వాత, ఎప్పుడు పోదాం అని అడిగాడు.