రెండు పుంజీలు

పదిన్నరకల్లా పరిమళ మూడు వందల పన్నెండో పేజీ దాటింది. ఎడమపక్క స్టాండుకి క్లిప్పు పెట్టిన చేతిరాత కాగితం మీద కళ్లు, కీబోర్డు మీద వేళ్లు, కుర్చీకి ఆనని వీపు. ఇరవై రెండేళ్లుగా అదే కూర్చోవడం. కుడి మణికట్టుకి చుట్టిన క్రేపు గుడ్డ అంచులు నల్లబడ్డాయి. చూపుడువేలి గోరు మధ్యకి నిలువుగా చీలింది; కత్తిరించినా ఆ చీలికతోనే మళ్లీ పెరుగుతుంది. నలభై ఆరేళ్ల మనిషి, కళ్లజోడు తీస్తే యాభై ఆరులా కనిపిస్తుంది.

షాపు నందిగామ కోర్టుకి ఎదురుగా ఉంటుంది. ముందు గదిలో యజమాని సతీష్‌బాబు అఫిడవిట్లూ అగ్రిమెంట్లూ కొడతాడు. వెనక గది, అంటే జిరాక్సు మిషనుకీ బాత్రూము తలుపుకీ మధ్య మిగిలిన జాగా, పరిమళది. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలన్నీ ఆ జాగాలోనే తయారవుతాయి. ప్రబంధాల్లో వర్ష ఋతువు, క్యూలో నిలబడ్డవాడి వంతు ఎప్పుడొస్తుందో చెప్పే సూత్రాలు, శాసనాలు, అవ్యయాలు, అనంత శ్రేణులు, అన్నీ ఆమె వేళ్ల కిందనుంచే వెళ్లి డాక్టరేట్లయ్యాయి. తలలోకి మాత్రం ఒక్కటీ వెళ్లలేదు.

ఎందుకంటే పరిమళ చదవదు. అక్షరం తర్వాత అక్షరం చూస్తుంది, అంతే. చదివితే తప్పులు పడతాయని ఆమె నమ్మకం. మనసు ముందుకి ఉరికి, కాగితంలో లేని మాట వేళ్లకి అందిస్తుందట. ఒకసారి ఒక లెక్కల లెక్చరరు మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ పడిందని ఎగిరిపడితే, ఆయన చేతిరాత తీసి ముందు పెట్టింది. ఆయన రాసిందే అది. ఉన్నది ఉన్నట్టు కొట్టడంలో ఆమెని మించిన మనిషి ఈ చుట్టుపక్కల లేదు. దాన్ని మెచ్చుకోవాలో జాలిపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది జగ్గయ్యపేటలో తెలుగు పాఠాలు చెప్పే రాజ్యశ్రీ గ్రంథం. ‘కృష్ణా మెట్ట ప్రాంత కూలీ స్త్రీల నోటి లెక్కలు: భాషా, గణిత పరిశీలన’ అని దాని పేరు. తెలుగు వాళ్లూ లెక్కల వాళ్లూ కలిసి చేయించే పరిశోధన కాబట్టి ఇద్దరు గైడ్లు. ఒకాయన పెట్టమన్న పట్టికని ఇంకొకాయన తీసేయమంటాడు. అలా ఏడేళ్లు గడిచాయి. రేపు యూనివర్సిటీలో ఇవ్వాలి. మిగిలింది అనుబంధం ఒక్కటే, ఆవేదకుల పట్టిక. పాటో మాటో చెప్పి పరిశోధకులకి సమాచారం ఇచ్చినవాళ్లని పుస్తకాల్లో ఆవేదకులంటారు.

అది పూర్తవగానే పరిమళ వెళ్లిపోతుంది. ఇన్నేళ్లలో ఆమె ఒక పూట సెలవు అడగడం ఇది మూడోసారి. బల్లకింద సంచిలో అరకిలో ఖర్జూరం ఉంది. రెండున్నర బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగి, వేదాద్రి వెళ్లే ఆటో పట్టుకుని, మధ్యలో అక్క ఊళ్లో దిగాలి. అంతా కలిపి గంటన్నర ప్రయాణం. ఆ ప్రయాణం పెట్టుకోవడానికి ఆమెకి పన్నెండేళ్లు పట్టింది.

అక్క లూర్దమ్మ ఆమెకంటే పదమూడేళ్లు పెద్దది. బడి మొహం చూడలేదు. తండ్రి పోయాక మిరప తోటల్లో కూలికి వెళ్లి, చెల్లెల్ని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చి, లోయరూ హయ్యరూ పరీక్షలు పాసు చేయించింది. తల్లి చివరిదాకా ఆమె దగ్గరే ఉంది. పన్నెండేళ్ల కిందట, మే నెలలో, తల్లి పోయింది. పరిమళకి ఆ సంగతి మూడో రోజున, ఆ ఊరి మనిషి ఒకరు బస్సులో కనబడితే తెలిసింది. పరుగెత్తి వెళ్లేసరికి సమాధి మీద మట్టి ఎండిపోయి ఉంది. ఫోన్ చేశామని లూర్దమ్మ అంది. పరిమళ తన ఫోన్ తీసి అక్కడున్న వాళ్లందరికీ చూపించింది. అందులో ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. తల్లి చావు విషయంలో కూడా అబద్ధమాడిందని అక్కని నానా మాటలూ అంది. ఊళ్లోవాళ్లు సర్దిచెప్పబోతే, వాళ్లందరూ వినేలా చివరి మాట అనేసింది.

“నేను చచ్చినా నీకు కబురు రాదు. నువ్వు చచ్చినా నాకు కబురు పెట్టొద్దు.”

పోయిన క్రిస్మస్‌కి నందిగామ చర్చికి చుట్టపుచూపుగా వచ్చిన ఒకామె, మీ అక్క నిన్ను చూడాలంటోందని చెప్పి వెళ్లింది. వెళ్లాలనే అనుకుంది పరిమళ. జనవరిలో ఒక చరిత్ర గ్రంథం వచ్చి పడింది, ఫిబ్రవరిలో ఒక గణితం, మార్చి నుంచీ ఇది. అక్క అబద్ధమాడిందన్న మాట లోపల అలాగే ఉంది. అబద్ధమైతే అయింది, ఒకసారి చూసొద్దాం అనిపించేదాకా వచ్చింది, అంతే. దానికి క్షమించడమనే పెద్ద పేరు పెట్టనక్కర్లేదు. కోపం మోసి మోసి విసుగొచ్చింది.

పట్టిక మొత్తం నలభై వరుసలు. క్రమసంఖ్య, పేరు, వయసు, ఊరు, పని. కొన్ని పేర్ల పక్కన చిన్న నక్షత్రం గుర్తు. ఎక్కడుంటే అక్కడ ఆ గుర్తు పెట్టుకుంటూ వెళ్లింది. ఇరవై ఎనిమిది కరీమాబీ, ఇరవై తొమ్మిది మరొకామె, ముప్ఫై ఇంకొకామె. ముప్ఫై ఒకటి లూర్దమ్మ, నక్షత్రం, యాభై తొమ్మిది, ఊరు, కూలీ. ముప్ఫై రెండు అంకె పడ్డాక వేళ్లు ఆగాయి.

పై వరుస మళ్లీ చూసింది. ఇంటిపేరు అదే. ఊరూ అదే.

సతీష్‌బాబు ముందు గదిలోంచి టీ తాగుతావా అని అడిగాడు. వద్దంది. పేరు పక్కన నక్షత్రం కేసి చూసింది. బాగా చెప్పినవాళ్లకి పెట్టి ఉంటారు అనుకుంది. చిన్నప్పుడు మాస్టారు పలక మీద సున్నపు బలపంతో వేసేవాడు అలాంటిది. బడికి వెళ్లని అక్కకి ఈ వయసులో నక్షత్రం వచ్చిందన్నమాట. ఆమెకి నిజంగానే గర్వమనిపించింది, ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కనుక, ఫైల్లో లూర్దమ్మ అని కొట్టి వెతికింది.

నాలుగో అధ్యాయం, నూట ఎనభై ఏడో పేజీ. మార్చిలో తను టైపు చేసిన పేజీయే. పరిమళ కళ్లజోడు తుడుచుకుని, ఇరవై రెండేళ్లలో మొదటిసారి, తన చేతుల మీదుగా వెళ్లిన ఒక పేజీని చదివింది.

మిరప నారు కట్టల్ని ఆ ఊరి స్త్రీలు నాలుగేసి చొప్పున లెక్కపెడతారనీ, నాలుగింటిని పుంజీ అంటారనీ అందులో ఉంది. నాలుగునీ ఎనిమిదినీ వాళ్లు అంకెల్లో చెప్పరు. నాలుగంటే పుంజీ, ఎనిమిదంటే రెండు పుంజీలు. ఈ లెక్కకి నాలుగే ఆధారమని చూపించే సమీకరణం ఒకటి, దాని కింద ఉదాహరణ. లూర్దమ్మ మాటలు ఆమె చెప్పినట్టే రాసి ఉన్నాయి.

“మా అమ్మ పోయిన పొద్దున చెల్లి నంబరు నోటితోనే చెప్పా. చింతగింజలు పేర్చుకుని నేర్చుకున్నా అది. పక్కింటి వీరేంద్ర ఫోనులో నొక్కాడు. ఎవురో మగమనిషి ఎత్తి రాంగు నంబరన్నాడు. మూడుసార్లు చెప్పా, మూడుసార్లూ ఆ మనిషే. ఎండాకాలం, ఎంతసేపని ఉంచుతాం? పూడ్చేశాం.”

కింద రాజ్యశ్రీ వివరణ. నంబరులో చివరి అంకె ఎనిమిది. ఆవేదకురాలు దాన్ని రెండు పుంజీలు అని చెప్పగా, ఆ మాట తెలియని యువకుడు రెండు నొక్కాడు. ఒకే ఊరిలో రెండు తరాల మధ్య లెక్క ఎలా తెగిపోయిందో చూపడానికి ఇది చక్కని ఉదాహరణ.

పరిమళ నంబరు చివర ఎనిమిదే.

ఆ పేజీ తనే కొట్టింది. ఆ మాటలు ఒక్కొక్క అక్షరంగా ఈ వేళ్ల మీదుగానే పోయాయి. ఒక్క తప్పు లేదు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు. అక్క అబద్ధమాడలేదు. ఆ మాట ఎదురుగా చెప్పాలి. నువ్వు అబద్ధమాడలేదే, నేనే తెలివితక్కువదాన్ని అని చెప్పాలి. ఇంకా తొమ్మిది వరుసలున్నాయి. టైము పన్నెండూ పది. ఎంత నెమ్మదిగా కొట్టినా రెండున్నర బస్సు అందుతుంది.

ముప్ఫై రెండు, ముప్ఫై మూడు. వేళ్లు మళ్లీ వాటి పని అవి చూసుకున్నాయి. నలభయ్యో వరుస అయ్యాక పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక సూచన ఉంది. అలవాటు చొప్పున అక్షరం తర్వాత అక్షరం కొట్టింది. నక్షత్రం గుర్తు ఉన్నవారు పరిశోధన కాలంలో మరణించారు. చివర చుక్క పెట్టాక గానీ ఆమెకి అది వాక్యంలా కనిపించలేదు.

పరిమళ ఫైలు సేవ్ చేసింది. లేచి బాత్రూములోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. మళ్లీ కూర్చుని పేజీ నంబర్లు సరిచూసింది. ఆకలి లేదు. దుఃఖం అనేది కూడా ఎక్కడో పక్క గదిలో ఎవరిదో అన్నట్టుంది.

ఒంటిగంట దాటాక రాజ్యశ్రీ వచ్చింది. చేతిలో అంగీకార పత్రాల ఫైలు ఉంది. తమ మాటలు వాడుకోవచ్చని ఆవేదకులు ఇచ్చిన కాగితాలవి. వాటిని స్కాన్ చేసి చివర చేర్చాలి. ముప్ఫై ఒకటో ఆమె ఎప్పుడు పోయిందని పరిమళ అడిగింది. రాజ్యశ్రీ ఆశ్చర్యపోయింది. ఇన్ని నెలల్లో ఈ మనిషి పేజీల సంఖ్య తప్ప ఇంకేదీ అడగలేదు.

ఫిబ్రవరిలో పోయిందని చెప్పింది. కిడ్నీలు. ఎంతో ఓపిగ్గా చెప్పేదనీ, రెండు పుంజీల వల్ల వచ్చిన పొరపాటు విడమరచి చెప్పినప్పుడు వేళ్ల మీద రెండుసార్లు నాలుగేసి లెక్కపెట్టి చూసుకుందనీ చెప్పింది.

“ఆమెకి నందిగామలో చెల్లెలు ఉందంటండి. చనిపోయినప్పుడు చెబుదామంటే, కబురు పెట్టొద్దని మాటుందన్నారు ఊళ్లోవాళ్లు. వాళ్లు ఆ మాట దాటలేదు.”

పరిమళ ఫైలు అందుకుని కాగితాల అంచులు బల్ల మీద తట్టి సమంగా చేసింది.

“ఆ చెల్లెల్ని నేనేనండి మేడం” అంది.

రాజ్యశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏవేవో అంది, తనకి తెలియదంది, తెలిస్తే ఎలాగైనా చెప్పేదాన్నంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పరిమళ ఆమెకి మంచినీళ్ల సీసా ఇచ్చింది. కాసేపటికి రాజ్యశ్రీ తేరుకుని, ఆ ఉదాహరణ పుస్తకంలోంచి తీసేయమంటారా అని అడిగింది. గైడ్లకి తను చెప్పుకుంటానంది.

“వద్దండి. అది ఉంటేనే మా అక్క అబద్ధమాడలేదని ఉంటుంది.”

“ఎల్లుండి ఊరెళ్తారా పోనీ? నేను తీసుకెళ్తాను.”

“ఎవరి దగ్గరికండి?”

రాజ్యశ్రీ కుర్చీలోంచి లేచింది. బైండింగు షాపువాడితో మాట్లాడి వస్తానని బయటికి వెళ్లింది. పరిమళ పత్రాలు ఒక్కొక్కటే స్కానరు అద్దం మీద బోర్లా పెట్టి, మూత వేసి, మీట నొక్కి, తీసి పక్కన పెట్టింది. రెండున్నర బస్సు హారను వినిపించినప్పుడు ఆమె పందొమ్మిదో కాగితం మీద ఉంది. మూడున్నరకల్లా నలభై అయిపోయాయి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి, తిరిగొచ్చిన రాజ్యశ్రీ చేతికిచ్చింది. ఖర్జూరం సంచి సతీష్‌బాబు బల్ల మీద పెట్టి, పిల్లలకివ్వండి సార్ అంది. పూట సెలవు వాడుకోలేదు కదమ్మా, రేపు తీసుకో అన్నాడాయన. రేపు పనుంది కదండీ అని చెప్పులేసుకుంది. చర్చి వెనకున్న తన గదివైపు రోజూ నడిచే నడకే నడిచింది, కొంచెం పెందలాడే.

పత్రాల ఫైలు రాజ్యశ్రీ లెక్కపెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే ముప్ఫై తొమ్మిదే ఉండేవి. ముప్ఫై ఒకటోది అన్నిటికంటే చివర్న స్కాన్ చేసింది పరిమళ, చేశాక మూత ఎత్తలేదు. మర్నాడు పొద్దున సతీష్‌బాబు ఎవరిదో ఆధార్ కార్డు కాపీ తీయబోతే, అద్దం మీద బోర్లా పడుకున్న కాగితం కనిపించింది. తిప్పి చూశాడు. రాజ్యశ్రీ చేతిరాతలో లూర్దమ్మ అన్న పేరు, దాని పైన నీలం ఇంకు కొంచెం ఎక్కువై, గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన ఎడమ బొటనవేలి ముద్ర.