ఏడో సెట్టు కత్తెర

మా ఆసుపత్రి కింది అంతస్తులో, లిఫ్టు పక్క గోడ మీద నా పోస్టరు ఉంది. తలుపంత పోస్టరు. అందులో నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటాను. కింద పెద్ద అక్షరాలతో ‘శ్రద్ధాలోపాన్ని జయించిన ధీర’ అని రాశారు. రోజుకు ఆరుసార్లు దాని ముందు నుంచి నడవాలి. ఆరుసార్లూ తల పక్కకు తిప్పుకునే నడుస్తాను.

ముందు నా పనేమిటో చెప్తాను. ఆపరేషన్ అయ్యాక కత్తులు, కత్తెరలు, పటకార్లు అన్నీ రక్తంతో మా దగ్గరికి వస్తాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ భూతద్దం కింద చూసి, ట్రేలో సర్ది, మూటకట్టి, ఆవిరి యంత్రంలోకి పంపేది మేము. పొట్ట ఆపరేషన్ ట్రేలో ముప్ఫైమూడు పనిముట్లు ఉండాలి. ముప్ఫైరెండు ఉంటే కుదరదు. ఒక్కో ట్రే ఒక్కో సెట్టు, ఏది ఏ సెట్టుదో తెలియడానికి పనిముట్ల పిడికి రంగు టేపు చుడతాం. రక్తమంటే నాకు రోత లేదు, కడిగితే పోతుంది. నాకు రోత పుట్టించే సరుకు వేరే ఉంది. అది పై అంతస్తు నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తుంది.

నాకు ఏడీహెచ్‌డీ అనే శ్రద్ధాలోపం ఉందని నలభయ్యో ఏట తెలిసింది. అంతకుముందు దానికి మా ఇంట్లో వేరే పేర్లుండేవి. అమ్మ ‘పరధ్యానం’ అనేది. అక్క ‘గాలి బుర్ర’ అనేది. బడిలో ప్రతి ప్రోగ్రెస్ కార్డు మీదా ‘కాస్త శ్రద్ధ పెడితే చాలు’ అని రాసేవారు. ఆ శ్రద్ధ ఏ డబ్బాలో ఉంటుందో, ఏ అరలోంచి తీసి పెట్టాలో ఒక్కరూ చెప్పిన పాపాన పోలేదు. అక్క ఏటా ఒక డైరీ కొనిస్తుంది. ఇప్పటికి ఏడున్నాయి. అన్నిట్లోనూ జనవరి నాలుగో తారీఖు దాకా నేను మహా క్రమశిక్షణ గల మనిషిని. ఆమధ్య నా బ్యాగు అడుగున మూడు వారాల నాటి లంచ్ బాక్సు దొరికింది. మూత తీస్తే లోపల పచ్చటి బూజు, బొచ్చులా లేచి ఉంది. బాక్సును మూతతో సహా చెత్తలో పడేసి, సింకు దగ్గర నిలబడి నన్ను నేనే నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఇలాంటి దాన్ని పొట్టలు కోసే పనిముట్ల దగ్గర ఎవరైనా పెట్టుకుంటారా?

పెట్టుకున్నారు. ఎందుకంటే నా దగ్గర షీటు ఉంది.

షీటంటే బ్రహ్మవిద్యేం కాదు. బల్లంత పల్చటి తెల్ల ప్లాస్టిక్ ముక్క. దాని మీద ముప్ఫైమూడు పనిముట్లనూ ఒక్కొక్కటే పెట్టి, చుట్టూ చెరగని ఇంకుతో గీత గీశాను. చేతికి ఏది దొరికితే దాన్ని దాని గీతలో పెట్టేస్తాను. ఏది ముందు, ఏది వెనక అన్న గొడవ లేదు. చివరికి ఏ గీతైనా ఖాళీగా మిగిలితే అది నన్నే చూస్తూ ఉంటుంది, వదలదు. అందరిలాగా కాగితం ముందు పెట్టుకుని ఒకటి నుంచి టిక్కులు కొడుతూ పోతే, పద్నాలుగు దగ్గరే నా మనసు చెప్పులేసుకుని బయటికి పోతుంది. షీటు వేసుకున్నాక పంతొమ్మిది నెలల్లో నా ట్రేల్లో ఒక్క తప్పు రాలేదు. ఆ రికార్డు మా గదిలో ఇంకెవరికీ లేదు. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెప్తున్నాను.

షీటుకు ఒప్పుకున్నది మా సూపర్‌వైజరు. ఆవిణ్ణి మేమంతా స్టాంపు మేడమ్ అంటాం. ఆవిడ స్టాంపు పడందే మా గదిలోంచి దూది ముక్క కూడా గడప దాటదు. చదవకుండా కొట్టదు, నవ్వుతూ అసలే కొట్టదు. "రోజూ స్పిరిట్‌తో తుడవాలి. మరక కనబడిందో, తీసి అవతల పడేస్తా," అంది షీటు చూసి. అదే అనుమతి.

ఇక ఇస్త్రీ చొక్కా సంగతి. ఆయన ఉద్యోగుల సంక్షేమం చూసే ఆఫీసరు. మేం పెట్టుకున్న పేరు చిరునవ్వు సార్. నా రోగం పేరు ఆయన చెవిన ఎలా పడిందో గానీ, ఒకరోజు మా గదికి దిగి వచ్చాడు.

"మీలాంటి వాళ్ళు కూడా మా సంస్థలో ఎంత చక్కగా రాణిస్తున్నారో నలుగురికీ చూపిద్దామమ్మా. వీడియో, పోస్టరు, చిన్న ఫంక్షను."

"మీలాంటి వాళ్ళంటే ఎలాంటి వాళ్ళు సార్?"

"అదే, స్పెషల్‌గా ఉండేవాళ్ళు. నిజానికి మీది జబ్బు కాదమ్మా, వరం."

వరమట! ఆ లంచ్ బాక్సు పారేసి పొరపాటు చేశాను. దాచి ఉంటే మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టేదాన్ని. నాకిష్టం లేదని చెప్పాను. ఆయన నవ్వు చెక్కు చెదరలేదు. "మీ ఇష్టం. వచ్చే నెల పర్మనెంట్ చేసేవాళ్ళ జాబితా నా టేబుల్ మీదే తయారవుతోంది, గుర్తుంచుకోండి," అన్నాడు. ఆరేళ్ళుగా నేను ఏడాదికోసారి సంతకం పెట్టే తాత్కాలిక మనిషిని. ఇంటికెళ్ళి అక్కకు చెప్తే, "నోర్మూసుకుని నిలబడి నవ్వవే, అరిగిపోతావా?" అంది.

వీడియో రోజున రెండు లైట్లు, ఒక కెమెరా, వాటి వెనక చిరునవ్వు సార్ దిగారు. ఆయన నా బల్ల చూసి నవ్వు చెరగకుండానే తల అడ్డంగా ఊపాడు. "ఇదేంటి, పిల్లల బొమ్మల పుస్తకంలా? తీసెయ్యండి. బల్ల నీట్‌గా కనబడాలి."

నేను స్టాంపు మేడమ్ వైపు చూశాను. ఆవిడ పైన కూడా అధికారులున్నారు మరి. "ఒక్క ట్రేకేగా. లిస్టు చూసి సర్దు," అంది నా ముఖం చూడకుండా.

నేను ఎలా రాణిస్తున్నానో చూపించడానికి, దేని వల్ల రాణిస్తున్నానో దాన్ని లాగేశారు. అప్పుడే అరిచి ఉండాల్సింది. పర్మనెంటు జాబితా కళ్ళ ముందు ఆడి, నోరు కుట్టేసుకున్నాను. ఆ నోరు మూసుకోవడం తలుచుకుంటే పోస్టరు కన్నా నా మీద నాకే ఎక్కువ రోత.

ఏడో సెట్టు సర్దడం మొదలుపెట్టాను. ఒక టిక్కు కొట్టగానే "ఇటు చూడండి," ఇంకోటి కొట్టగానే "మళ్ళీ ఓసారి." పన్నెండో నంబరు పెద్ద కత్తెర. టిక్కు కొట్టి చేతిలోకి తీసుకున్నాను. "అబ్బ, భలే మెరుస్తోంది! పైకెత్తండి. నవ్వండి. ఇంకాస్త!" ఎత్తాను. నవ్వాను. నా చేతిలోంచి ఎవరో కత్తెర అందుకున్నారు, పదమూడోది నా చేతికిచ్చారు. చివరికి లిస్టులో ముప్ఫైమూడు టిక్కులూ పడ్డాయి. నేను సంతకం పెట్టాను, మేడమ్ టిక్కులన్నీ చదివి స్టాంపు కొట్టింది, ట్రే మూటకట్టి యంత్రంలోకి పంపాం.

గంటన్నర తర్వాత పక్క హాల్లో ఫంక్షను. నేను వెళ్ళేసరికే ‘అందరూ సమానమే’ అన్న బోర్డుకు రిబ్బను కత్తిరించడం, కేకు కోయడం అయిపోయాయి. జనం కాగితం ప్లేట్లు పట్టుకుని నమిలేస్తున్నారు. కేకు కింద బల్లకు ఏదో తెల్లటిది పరిచారు. దగ్గరికి వెళ్తే అడుగు నుంచి గీతలు లీలగా కనిపించాయి. నా షీటు. తిరగేసి పరిచారు. దాని మీద క్రీము ముద్దలు, కాఫీ కప్పు మరక, ఎవరో ఉమ్మిన చెర్రీ గింజ. పక్కనే పెద్ద కత్తెర. దాని మొన మీద క్రీము, నడుమ ఎర్ర రిబ్బను పీలిక, పిడికి రెండు చుట్లు ఆకుపచ్చ టేపు.

ఆకుపచ్చ రెండు చుట్లంటే ఏడో సెట్టు.

మా గదికి పరుగెత్తాను. ట్రే అప్పటికే పైకి వెళ్ళిపోయింది. ఆపరేషన్ థియేటరుకు ఫోను చేశాను.

"ఏడో సెట్టు తెరవకండి. పెద్ద కత్తెర లేదు."

"ఎవరు సర్దారు?" నర్సు గొంతు పెంచింది.

"నేనే."

"పెద్దావిణ్ణి బల్ల మీద పడుకోబెట్టేశాం, తెలుస్తోందా? ఇంకో ఐదు నిమిషాలైతే మత్తు ఇచ్చేసేవాళ్ళం!"

వేరే సెట్టు పంపాం. ఇరవై నిమిషాలు ఆలస్యం, అంతకు మించి నష్టమేమీ లేదు. కానీ ఆ ఇరవై నిమిషాలూ ఒక ముసలామె లైటు కింద గుండె చిక్కబట్టుకుని పడుకుంది. ఇక్కడ మేం కేకు తింటున్నాం.

మర్నాడు పొద్దున పోస్టరు గోడకెక్కింది. అదే పొద్దున చిరునవ్వు సార్ ప్రమాద నివేదిక ఫారం పట్టుకుని మా గదికి వచ్చాడు. ‘కారణం’ అన్న చోట అప్పటికే టైపు చేసి ఉంది: ఉద్యోగిని శ్రద్ధాలోపం. గోడ మీద జయించానట, కాగితం మీద ఓడిపోయానట. రెండూ ఒకే ప్రింటర్లోంచి వచ్చాయి.

"సంతకం పెట్టెయ్యండమ్మా, చిన్న విషయం. పర్మనెంటు సంగతి పై ఏడాది చూద్దాం."

చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే కాబట్టి చెయ్యి దానంతటదే పెన్ను మీదికి పోయింది. తల తిప్పితే తెరిచిన తలుపులోంచి పోస్టరు కనబడింది. నా చేతిలో కత్తెర, పిడికి ఆకుపచ్చ టేపు. ఓ మూల నుంచి ఆ కత్తెర వైపు సాగిన ఒక చెయ్యి, ఇస్త్రీ చేసిన కఫ్, బంగారు రంగు వాచీ.

"ఆ చెయ్యి ఎవరిది సార్?"

ఆయన చూశాడు. నవ్వు లేని ఆయన ముఖాన్ని మేం చూడటం అదే మొదటిసారి.

టైపు చేసిన మాటను కొట్టేసి నా చేత్తో రాశాను: ‘వీడియో కోసం షీటు తీయించారు. షీటు ఉంటే ఖాళీ కనబడేది. కత్తెర ఆఫీసరు గారు నా చేతిలోంచి అందుకున్నారు. తిరిగి అడగకపోవడం నా తప్పు.’ కింద ‘షీటు తీయడానికి అనుమతించినవారు’ అని రాసి, పక్కన ఏమీ రాయకుండా వదిలి, ఫారం స్టాంపు మేడమ్ ముందు పెట్టాను.

ఆవిడ మూడుసార్లు చదివింది. ఆ ఖాళీ దగ్గర ఆగింది. పదవీ విరమణకు రెండేళ్ళున్న మనిషి, ఇన్నేళ్ళలో ఒక్క మచ్చ లేదు. చిరునవ్వు సార్ "మేడమ్, తొందరపడకండి," అన్నాడు. ఆవిడ పెన్ను తీసి ఖాళీలో తన పదవి రాసి, బల్ల అదిరేలా స్టాంపు కొట్టింది.

ఆయన పోయాక అరలోంచి కొత్త ప్లాస్టిక్ షీటు తీసి బల్ల మీద పరిచింది. "ఊఁ, కానీ. ఏది ముందు?"

"ఏదైనా ఫరవాలేదు మేడమ్."

ముప్ఫైమూడు పనిముట్లనూ ఒక్కొక్కటే ఆవిడ అందిస్తుంటే నేను గీతలు గీశాను.

పోయిన వారం పర్మనెంటు జాబితా వచ్చింది. అందులో నా పేరుంది. మొదట లేదట. మా గదివాళ్ళ జాబితాకు ఆవిడ స్టాంపూ కావాలి. నా పేరు లేని జాబితాకు అది పడదని మేడమ్ భీష్మించుకుని కూర్చుందని తర్వాత తెలిసింది. చిరునవ్వు సార్ అన్నీ మరిచిపోయి మళ్ళీ పళ్ళికిలించుకుంటూ వచ్చాడు. "చూశారా, మా ప్రోత్సాహం ఊరికే పోలేదు! ఇంకో పోస్టరు వేద్దామా?" అన్నాడు. మనిషికి సిగ్గన్నది ఉండదా అని నోటిదాకా వచ్చింది. నేరుగా లిఫ్టు దగ్గరికి వెళ్ళి, జేబులోంచి చెరగని మార్కరు తీసి, పోస్టరులో ఆ వాచీ చేతి చుట్టూ లావుగా గీత గీశాను.

వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగి చూస్తే స్టాంపు మేడమ్. పోస్టరును పై నుంచి కింది దాకా చదివింది.

"బొటనవేలి దగ్గర గీత తెగింది," అంది. "కలుపు."