గోడ దాటిన తాడు

తోడల్లుడి దరఖాస్తు టేబుల్ మీద పడగానే టేపయ్యకు కడుపులో మంట మొదలైంది. అతడు పురపాలక కార్యాలయంలో భవనాల తనిఖీదారు. జేబులో కొలత టేపు లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళడని ఆఫీసువాళ్ళు ఆ పేరు పెట్టారు. తోడల్లుడు బడిలో సైన్సు మాస్టారు. అక్కాచెల్లెళ్ళను చేసుకున్న పుణ్యానికి ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్యన ఒకటే గోడ.

మాస్టారు పెరట్లో గాలిమర పెడతాడట. ఎత్తయిన స్తంభం మీద మూడు రెక్కలు తిరిగి ఇంటికి కరెంటు ఇస్తాయట. అత్తగారు అప్పుడే ఫోనులో చుట్టాలందరికీ టముకు వేసేసింది: ‘‘మా చిన్నల్లుడు గాలిని పట్టి లైట్లు వెలిగిస్తాడు!’’ పెద్దల్లుడు ఏం వెలగబెడుతున్నాడో మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పినట్టు లేదు.

చుట్టాల దరఖాస్తు వస్తే పక్క సీటుకు ఇచ్చేయాలన్నది ఆఫీసు పద్ధతి. టేపయ్య ఏనాడూ దాన్ని తప్పలేదు. ఈసారి మాత్రం ఫైలు చంకన పెట్టుకుని తనే లేచాడు.

‘‘అది మీ మరదలి ఇల్లు కాదూ?’’ అంది పక్క సీటు ఆవిడ.

‘‘నేను చూడబోయేది ఇల్లు కాదమ్మా, స్తంభం,’’ అని గబగబా మెట్లు దిగిపోయాడు.

గాలిమర ఎప్పుడైనా కూలితే సొంత స్థలంలోనే కూలాలి, పక్కవాళ్ళ మీద పడకూడదు. అదీ నిబంధన. దాన్ని చూడటానికి ఆ ఆఫీసులో ఒక మోటు పద్ధతి ఉంది. స్తంభం పాతే చోట మేకు కొట్టి, నిటారుగా నిలిచిన రెక్క కొసదాకా ఎంత ఎత్తో అంత తాడు దానికి కడతారు. తాడు బిగలాగి పట్టుకుని చుట్టూ నడుస్తారు. కొస ఎక్కడా సరిహద్దు దాటకపోతే అనుమతి ఇచ్చినట్టే.

‘‘అన్నయ్యగారే స్వయంగా వచ్చారా! ఇంక నాకు దిగుల్లేదు,’’ అని మాస్టారు నిజంగానే సంబరపడ్డాడు. టేపయ్యకు అది మరీ ఒళ్ళు మండించింది.

తాడు పట్టుకుని నడిచాడు. వీధి వైపు దాటలేదు. వెనకవైపు దాటలేదు. అటుపక్క ఖాళీ జాగా వైపూ దాటలేదు. ముఖం మాడిపోతుండగా తన ఇంటి వైపు తిరిగాడు. తాడు గోడకు తగిలి ఇంకా మిగిలింది. గుండె ఎగిరి గంతేసింది.

‘‘అయ్యో తమ్ముడూ, గోడ దాటిందే!’’ అన్నాడు, గొంతులోకి బలవంతాన విచారం తెచ్చుకుని. ‘‘స్తంభం కాస్త పొట్టి చేసుకో.’’

‘‘పొట్టి చేస్తే గాలి అందదండీ. పక్కనున్న కట్టడం కన్నా రెక్కలు బాగా పైన ఉండాలి.’’

‘‘ఏ కట్టడం?’’

మాస్టారు నోటితో చెప్పలేక మొహమాటంగా పైకి చూశాడు. టేపయ్య కూడా చూశాడు. అక్కడ ఉన్నది తన మేడ గది. మాస్టారు డాబా వేశాడని, దానికన్నా ఒక అంతస్తు ఎక్కువ ఉండాలని పట్టుబట్టి వేయించినది. అందులో ఇప్పటికీ ఖాళీ అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు.

‘‘గోడ అవతల యజమాని ఒప్పుకుంటే చాలుగా, అన్నయ్యగారూ?’’

టేపయ్య ఛాతీ విరుచుకున్నాడు. ‘‘ఒప్పుకోవాలిగా! యజమాని ఆలోచించుకోవాలి. రెక్క ఊడి నెత్తిన పడితే?’’

‘‘యజమానిని నేను,’’ అంది గోడ అవతల బట్టలారేస్తున్న అతడి భార్య. ‘‘పన్ను తగ్గుతుందని ఇల్లు నా పేరున రాయించింది మీరేగా. తాడు ఇటు విసరండి మరిదిగారూ, ఎందాకా వస్తుందో చూస్తాను.’’

తాడు వచ్చి పెరటి మూల పాత స్కూటరు మీద పడింది. ఎన్నాళ్ళుగానో కదలకపోయినా, టేపయ్య అమ్మనివ్వని స్కూటరు.

‘‘దీని మీదా? పడితే పడనీ, పీడా విరగడవుతుంది. ఒప్పుకున్నానని రాసిస్తాను,’’ అంది. ఆపైన భర్త వైపు తిరిగి గొంతు తగ్గించింది. ‘‘ఏవండీ, మా పిన్ని కొడుకు అడిగితే చుట్టాల ఫైలు ముట్టనని ముఖం మీదే చెప్పారు. దీనికెందుకు పరుగెత్తుకొచ్చారు?’’

టేపయ్య గబగబా తాడు చుట్ట చుట్టేశాడు. మర్నాడు ఫైలు పక్క సీటులో పెట్టాడు. ఆవిడ మళ్ళీ కొలిచింది, యజమానురాలి సమ్మతి జత చేసింది. అనుమతి వచ్చింది.

స్తంభం నిలబెట్టే రోజున అత్తగారితో సహా అందరూ పెరట్లో చేరారు. అడుగున మడత బందు బిగించి నేల మీద పడుకోబెట్టిన స్తంభాన్ని తాడు కట్టి లేపాలి. లాగేవాళ్ళలో ఒకరు తక్కువయ్యారు.

‘‘అన్నయ్యగారూ, ఓ చెయ్యి వెయ్యరూ!’’

అందరూ తన వైపే చూస్తుంటే వేయక తప్పలేదు. స్తంభం లేచింది. గోడ దాటింది, డాబా దాటింది.

‘‘జాగ్రత్త నాయనా, చిన్నల్లుడి గాలిమర!’’ అని అరిచింది అత్తగారు.

‘‘ఇంకా ఎంత?’’ అన్నాడు టేపయ్య రొప్పుతూ.

‘‘ఇంకొంచెం. మీ మేడ గది దాటితే అయిపోయినట్టే!’’

తాడు వదిలేస్తే స్తంభం వెనక్కి వాలి మాస్టారి పెరట్లోనే ఎక్కడ పడుతుందో అతడికి అంగుళాలతో సహా తెలుసు. కళ్ళెదుట తన మేడ గది రెక్కల కిందికి దిగిపోతుంటే, టేపయ్య పళ్ళు పటపట కొరుక్కుంటూ, అందరికన్నా గట్టిగా లాగాడు.