ఎరుపు తాగిన ఊక

నేను ఒక పీపాడు ఊకని. నవ్వకండి! ఎవరైనా పనికిమాలిన మాటలు మాట్లాడితే 'ఊకదంపుడు' అని నా పేరే పెట్టారు మీరు. దంపింది మీరు, విన్నది మీరు, పరువు పోయింది మాత్రం నాది. సర్లెండి, నా కథ విన్నాక ఆ మాట అనడానికి మీకు నోరు రాదు.

పెడన పక్కన ఒక రైసు మిల్లులో బయటపడ్డాను. బియ్యం బస్తాల్లోకి, తవుడు గేదెలకి, నూకలు కోళ్ళకి వెళ్ళిపోగా, నన్ను గోడ అవతలికి ఊదేశారు. చేలో ఉన్నన్నాళ్ళూ గింజను ఎండకీ వానకీ కాచింది నేనే. ఆ సంగతి ఎవరికి పట్టింది? గాలికి లేచి కంట్లో పడ్డప్పుడు మాత్రం అందరూ నన్ను తలుచుకునేవాళ్ళు.

అక్కడికి కూతవేటు దూరంలో మార్కండేయులు అద్దకం షెడ్డు ఉంది. "నా రంగు దిగదు" అని గుండె మీద చెయ్యేసి చెప్పేవాడు. గుడ్డ నుంచి దిగదు, నిజమే. గుడ్డకు పట్టని ఎరుపంతా కాలవలోకి దిగేది. ఆ దిగువ రేవులో నాంచారమ్మ బట్టలుతికేది. నర్సింగ్ హోం దుప్పట్లే ఆమెకు బతుకుదెరువు. తెల్లగా వెళ్ళిన దుప్పట్లు గులాబీ రంగులో తిరిగొస్తుంటే వాళ్ళెన్నాళ్ళని ఊరుకుంటారు? నెలాఖరు దాకా చూస్తాం, తర్వాత వేరేవాళ్ళకిచ్చేస్తాం అని చెప్పేశారు.

ఆమె తిన్నగా షెడ్డుకొచ్చింది. "బాబాయ్, నీ రంగు దిగదంటావు. మరి నా దుప్పట్లకెలా ఎక్కుతోంది?"

"నా ఒక్కడి రంగేనా ఏంటి కాలవలో? పైన ఎవరేం పోస్తున్నారో నాకేం తెలుసు!" అన్నాడాయన.

ఈ గొడవలోకి కృపావతి మేడం వచ్చింది. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. నాంచారమ్మ ఉతికిచ్చిన ఆవిడ తెల్లకోటు కూడా గులాబీ అయింది. ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. మిల్లు గోడ దగ్గర ఆగి, నన్ను గోనెసంచుల్లోకి ఎత్తించింది. అబ్బ, ఎవరో నన్ను కావాలని తీసుకెళ్ళడం అదే మొదటిసారి!

మూతపెట్టిన ఇనుప డ్రమ్ములో, గాలాడకుండా కాల్చింది. బూడిద కానివ్వలేదు, బొగ్గు చేసింది. ఒళ్ళంతా కంటికి ఆనని చిల్లులు పడ్డాయి. రంగు వచ్చి ఇరుక్కునేది ఆ చిల్లుల్లోనే. ఆ తర్వాత నన్ను షెడ్డుకు పంపుతూ, బాగా కడిగాకే, రంగునీళ్ళు కాలవలోకి పోయే దారిలో పెట్టిన పీపాలో ఇసుక మీద పొయ్యమని మార్కండేయులుకి మరీ మరీ చెప్పింది.

ఆయన వింటేనా! "బొగ్గును పాలతో కడిగినా తెల్లబడుతుందా? సామెత కూడా తెలియని చదువులు!" అని నవ్వి, నన్ను ఉన్నపళంగా పీపాలో పోసేశాడు. పైనుంచి ఎర్రనీళ్ళు వదిలాడు. కింద నుంచి నల్లనీళ్ళొచ్చాయి. నాంచారమ్మ ముంచిన తెల్లగుడ్డ కుండ అడుగులా తేలింది.

"ఎరుపే నయం బాబాయ్! ఇప్పుడు మసి కూడా నా మొహానే కొట్టావు" అంటూ గట్టు మీద కూలబడి ఏడ్చింది. నెలాఖరుకి నాలుగు రోజులే ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

మేడం పరుగున వచ్చింది. "కడగమన్నది తెల్లబడ్డానికి కాదండీ, మసి పోవడానికి!"

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "ఇటు పడెయ్యండి. ఉతకడం నా పని" అంది. నన్ను గుడ్డలో మూటగట్టి, గాబులో ముంచి, బియ్యం కడిగినట్టు కడిగింది. పదకొండు నీళ్ళు మార్చింది. పన్నెండోసారి మసి రాలేదు.

మళ్ళీ పీపాలోకి చేరాను. ఎర్రనీళ్ళు నా మీద పడ్డాయి. పట్టుకున్నాను! ఒక్కొక్క చిల్లులోకీ ఎరుపును లాక్కున్నాను. కింద గొట్టం దగ్గర నాంచారమ్మ గుడ్డ తడిపి, పిండి, ఎండకు పట్టి చూసింది. తెలుపు! మల్లెపువ్వంత తెలుపు! "రంగు పోయింది గానీ, ఈ నీళ్ళు తాగడానికి మాత్రం పనికిరావు" అని మేడం హెచ్చరించింది. నేను కూడా అంతకుమించి గొప్పలు చెప్పుకోను. ఆ నెలాఖరుకు దుప్పట్లు తెల్లగా వెళ్ళాయి. పని నాంచారమ్మకే నిలిచింది.

మూడు వారాలకు నా కడుపు నిండింది. పీపాలోకి కొత్త ఊకబొగ్గు వచ్చింది. మార్కండేయులు అలవాటు కొద్దీ నన్ను కాలవలోకి వంచబోతే నాంచారమ్మ అడ్డంపడింది. "అది ఇన్నాళ్ళూ తాగిందంతా మళ్ళీ నా రేవులోనే కక్కిస్తావా?" మేడం నన్ను రంగుతో సహా కాల్చెయ్యడానికి ఇటుకబట్టీకి పంపమంది. సంచులకెత్తి గట్టు మీద పెట్టారు. ఇప్పుడు బండి కోసం చూస్తున్నాను.

ఇందాక మార్కండేయులు చంకలో మూటతో రేవుకొచ్చాడు. నాంచారమ్మ విప్పి చూసింది. అన్నీ తెల్ల పంచెలు.

"ఇవేంటి బాబాయ్? నీ పంచెలెప్పుడూ బందరు లాండ్రీకి పోయేయి గదా?"

ఆయన నేల చూపులు చూశాడు. "ఇకనించి ఇక్కడే ఉతుకమ్మా" అన్నాడు.

అంటే తన రంగు సంగతి ఈ పెద్దమనిషికి మొదట్నుంచీ తెలుసన్నమాట!

నాంచారమ్మ కొంగు బిగించి రేవులోకి దిగింది. మొదటి పంచె తీసి కాలవలో ముంచింది. ఆయన ఊపిరి బిగబట్టి దాని వంకే చూస్తున్నాడు. నేను చూడలేదు. పీపాలో మావాళ్ళున్నారు.