రికార్డు తిరిగినంతసేపూ

“ఆర్నెట్టా! ఓ ఆర్నెట్టా! మాడు కాలిపోతోందే, ఈ బోనులోంచి నన్ను బయటికి లాగు!”

ఆర్నెట్టా సెలూన్‌లో, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ కింద కూర్చుని వినీ అనే ఆవిడ కేకలు పెడుతోంది. ఆర్నెట్టా పరుగున వచ్చి డ్రయ్యర్‌ని పైకెత్తింది. వస్తున్నానని చెప్పబోయింది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

“పోయిందా?” అంది వినీ.

“ఎక్కడో వేస్తున్నారు,” అంది పక్క కుర్చీలో ఆవిడ, పత్రికలోంచి తలెత్తకుండా. “లండన్‌లో అయ్యుంటుంది. వాళ్ళకిప్పుడు పొద్దుగూకింది.”

“అయితే ఇదే సమయం. ఏమే, ఆదివారం చర్చి భోజనాలకి నీ చేత్తో పీచ్ పళ్ళ తీపి రొట్టె చేసి తెస్తావుగా? మౌనం అర్ధాంగీకారం!”

ఆర్నెట్టా నవ్వి, దువ్వెనతో వినీ భుజం మీద ఒక్కటి వేసింది.

బ్రూక్లిన్‌లో ఆ వీధివాళ్ళకి ఇదేం వింత కాదు. నికెల్ మూన్ రికార్డుల కంపెనీకి పాడినవాళ్ళందరికీ అంతే. వాళ్ళ రికార్డు మీద ఎక్కడ సూది పడినా సరే, అది తిరిగినంతసేపూ గొంతు ఒంట్లో ఉండదు. పాట దగ్గరికి వెళ్ళిపోతుంది. పాటయ్యాక, ఆడి ఆడి అలిసిన పిల్లలా ఇల్లు చేరుతుంది. ఫోన్లలో వింటే ఏమీ కాదు, నల్లటి రికార్డు తిరగాలి. అలా పాడినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆర్నెట్టా ఒక్కతే.

డిస్కో సంగీతం చచ్చిందని రేడియోవాళ్ళు పండగ చేసుకున్న రోజుల్లో పుట్టింది నికెల్ మూన్. పెద్ద కంపెనీలు తలుపులు బిగించుకున్నాయి, జనం కాళ్ళు మాత్రం ఊరుకోలేదు. గుండీల కొట్టు పైన రెండు ఇరుకు గదులు. వయొలిన్ల బృందాన్ని కూర్చోబెట్టే జాగా ఏదీ? ఒక కీబోర్డు, ఒక బేస్ గిటారు, కాసిని చప్పట్లు. అంతే, మబ్బు కడుపులో ఉరుము దొర్లుతున్నట్టుండేది.

ఆ పాటల్ని మిక్స్ చేసేవాడు అన్సెల్మో. ప్వెర్టో రికో పిల్లాడు, నవ్వితే ఒక్క బుగ్గే సొట్టపడేది. బ్లేడుతో టేపు కోసి, అతికించి, మూడు నిమిషాల పాటని పది నిమిషాలకి సాగదీసేవాడు. “డాన్సు చేసేవాళ్ళు పాటలో కాపురం ఉండాలి, చుట్టపుచూపుగా వచ్చిపోతే ఎలా?” అనేవాడు. ఆర్నెట్టా పాటనైతే అందరికంటే ఎక్కువ సాగదీశాడు. ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా పారేయలేకపోయాడు.

ఆ వేసవిలో ఆ పాట వినపడని కిటికీ లేదు. ఆమెకి పూటకి నాలుగు మాటలు దక్కితే గొప్ప. అలాంటి ఒక ఆదివారం పొద్దున, ఇస్త్రీ చొక్కా వేసుకుని అన్సెల్మో ఆమె ఇంటి మెట్ల దగ్గరికొచ్చాడు.

“నన్ను పెళ్ళాడతావా, నెట్టా?”

ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

“వేస్తున్నారా?” అన్నాడు పాపం, నవ్వుతూ. ఆమె తలూపింది.

మెట్టు మీద కూర్చుని ఎదురుచూశాడు. పాట నిడివి దాటినా ఆమె పెదవి విప్పలేదు. ఆ రోజుల్లో క్లబ్బుల్లో డీజేలు ఒకే రికార్డువి రెండు కాపీలు పక్కపక్కన పెట్టుకుని, ఒకటి అవుతుండగానే రెండోది అందుకునేవారు. అలా ఎంతసేపైనా నడిపేవారు. ఇదీ అదే అనుకున్నాడు అన్సెల్మో. “గొంతు తిరిగొచ్చాక నువ్వే వచ్చి చెప్పు,” అని లేచి వెళ్ళాడు.

ఆ పొద్దున లోకంలో ఎక్కడా ఆ రికార్డు తిరగలేదు. గొంతు ఆమెలోనే ఉంది. ఔనన్న మాట నాలుక మీద పటికబెల్లంలా కరుగుతూనే ఉంది. కానీ భయం. ఇతను మనసిచ్చింది టేపు మీది గొంతుకి. దాని వెనకున్న ఈ మామూలు మనిషితో కాపురం చేసి విసుగెత్తితే? ఆ భయంతోనే రోజులు నెట్టింది. ధైర్యం కూడదీసుకుని వెళ్ళేసరికి కంపెనీలో అతని కుర్చీ ఖాళీ. లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడట. అతను లేని నికెల్ మూన్ పాటలు చప్పబడ్డాయి, కంపెనీ మూతపడింది.

ఇప్పుడు, సెలూన్ తలుపు గంట మోగింది. టోపీ తీసి చేత పట్టుకుని, చంకలో చదరపు పెట్టెతో ఓ ముసలాయన లోపలికొచ్చాడు. ఒక్క బుగ్గే సొట్టపడింది.

“బావున్నావా, నెట్టా?”

“అన్సెల్మో!” గొంతు అప్పుడే ఇల్లు చేరింది.

“నీ పాట అసలు టేపు ఇది,” అన్నాడాయన. “లండన్ కుర్రాళ్ళు దీంతో మళ్ళీ కొత్త రికార్డులు అచ్చువేస్తారట. నికెల్ మూన్ అంటే వాళ్ళకి దేవుడు. బూజు పట్టిందని వాళ్ళకి చెప్పి దీన్ని నదిలో పారేస్తాను.”

“అదేంటి! పిచ్చా నీకు?”

“కొత్త రికార్డులు కూడా తిరిగితే నువ్వు ఇంకెంత మాట కోల్పోవాలి? ఆ ఆదివారం నీ జవాబు మింగేసింది నేను కదూ. పాటని అంత సాగదీసి నీ నోరు నేనే కట్టేశాను. నీ దగ్గర మాట దొంగిలించినవాణ్ణి, మళ్ళీ వచ్చి అడిగే మొహం ఎక్కడిది? అందుకే ఆ తర్వాత బ్లేడు ముట్టుకోలేదు.”

తనని మరిచిపోయాడనుకుంది ఆర్నెట్టా ఇన్నాళ్ళూ. చెప్పాలని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఎక్కడో, ఎవరో, మళ్ళీ సూది పెట్టారు.

“చూశావా?” అన్నాడాయన, టోపీ పెట్టుకుంటూ.

పాత దారే మళ్ళీ తెరుచుకుంది. తలూపితే చాలు, ఆయన వెళ్ళిపోతాడు, టేపు నదిలో పడుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆర్నెట్టా ఆయన కోటు చెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగింది. పట్టు వదల్లేదు.

వినపడని పాట నడుస్తోంది. అన్సెల్మో వేలు పెట్టె మీద మెల్లగా తాళం వేస్తోంది. ఇప్పుడు చప్పట్లు, ఇప్పుడు బేస్ ఒక్కటే. అతికించిన ప్రతి ముక్కా ఆ వేలికి గుర్తే. వేలు ఆగింది. ఆర్నెట్టా గొంతులో చిన్న వెచ్చదనం వచ్చి కూర్చుంది.

“ఆ ఆదివారం పాట ఎవరూ వేయలేదు, అన్సెల్మో,” అంది. “గొంతు నా దగ్గరే ఉంది. ఔననాలనే ఉంది. భయపడి, తలూపి, నీకు అబద్ధం చెప్పాను.”