దారికడ్డం

లండన్‌లోని లైమ్‌హౌస్ రేవు మలుపులో ప్రతి ఆదివారం రెండు సభలు జరిగేవి. గోదాం గోడవారన పెట్టె ఎక్కి పాస్టర్ విట్లాక్ నరకం గురించి చెప్పేవాడు. ఎదుటి పక్కన ఎల్డ్రెడ్ మాట్ కూలీల రాజ్యం గురించి చెప్పేవాడు. ఇద్దరి చుట్టూ మూగిన జనమూ దారి మూసేసేవారు. రాణీగారి పోలీసులు మాత్రం ఎల్డ్రెడ్‌నే పట్టుకుపోయారు. దారికడ్డం నిలిచినందుకు నెల రోజుల జైలు.

అతని భార్య కెజయా తాళ్ల కార్ఖానాలో జనపనార పేనేది. కోర్టు నుంచి తిన్నగా పాస్టర్ ఇంటికెళ్లింది.

"మీ జనం కూడా దారికడ్డమే కదయ్యా. ఆ మాట మేజిస్ట్రేటుగారితో చెప్పండి."

"మాది దేవుడి పని. మీ ఆయనది కొంపలు కూల్చే పని," అంటూ ఆయన తలుపేసుకున్నాడు.

సోషలిస్టు సంఘం సెక్రటరీ ఆంబ్రోస్ ఇకపై సభలు హాల్లో పెట్టుకుందామన్నాడు.

"హాలుకెవడొస్తాడు? మన మొహాలు మనమే చూసుకోడానికా?" అని విసురుగా లేచిపోయింది కెజయా.

ఆదివారం వంటింటి కుర్చీ మోసుకెళ్లి పాస్టర్ పెట్టె పక్కనే వేసి ఎక్కింది. తలుపేసుకున్న ఆ మొహం పక్కనే కనబడేసరికి కోపం తన్నుకొచ్చింది.

"తెల్లారకముందే కూలీలు రేవు గేటు దగ్గర పని కోసం ఒకళ్లనొకళ్లు తొక్కుకుంటున్నారే, వాళ్ల దారికి అడ్డమెవరు? ఆ అడ్డం నిలిచినవాళ్లనెవరు పట్టుకుపోయారు?"

"దిగు," అన్నాడు కానిస్టేబుల్.

"ఇందులో నా జనమెవరో పాస్టరుగారి జనమెవరో విడదీసి చూపించు, దిగుతా."

జనం గొల్లున నవ్వారు. అతను ఆమె చెయ్యి పట్టి లాగాడు. కుర్చీ కాలు విరిగింది, కెజయా రాళ్ల మీద పడి మోచెయ్యి చీరుకుపోయింది.

పాస్టర్ బృందంలో కీర్తనలు పాడే ముసలామె హెఫ్జీబా ఆయన వైపు తిరిగింది. "మీరు నోరు విప్పరా?" ఆయన బైబిలు పేజీలు తిప్పుకుంటున్నాడు. ఆమె ఆయన్ని పక్కకు నెట్టి పెట్టె ఎక్కింది. "అయితే నన్నూ పట్టుకుపోండి." ఆమెను దించేలోగా మరొకడు ఎక్కాడు, వాడి తర్వాత ఇంకొకడు. పోలీసు బండి నిండిపోయింది.

వారం వారం అదే తంతు. చివరికి పోలీసులు అటు రావడం మానేశారు. ఈలోగా కెజయా జైలుకెళ్లొచ్చింది. కార్ఖానాలో ఆమె చోట వేరే మనిషిని పెట్టుకున్నారు.

శిక్ష ముగిసి ఇంటికొచ్చిన ఎల్డ్రెడ్ సంబరంగా అన్నాడు: "గెలిచాం కెజ్జీ. ఇక నేను చూసుకుంటాలే, నువ్వు ఇంటిపట్టునుండు."

"ఏం గెలిచాం? మాట్లాడనిచ్చారంతే. రేవు గేటు ఇంకా యజమానులదే," అందామె, మోచేతి మచ్చ తడుముకుంటూ. "అయినా నీ బదులు ఎక్కాననుకుంటున్నావా?"

ఆ ఆదివారం మొదట ఎల్డ్రెడ్ మాట్లాడాడు. తర్వాత ఆమె ఎక్కింది. వాన మొదలైనా దిగలేదు.